ఎనిమిది అంకె వేయించుకుని 50 టన్నులు అప్పగించే లైసెన్సు గారికి

మహారాజశ్రీ హెవీ డ్రైవింగ్ లైసెన్సు గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమానికేం లోటు? ప్లాస్టిక్ కవర్లో, చొక్కా జేబులో చల్లగా ఉంటారు. నిన్న మధ్యాహ్నం మాత్రం 50 టన్నుల ట్రక్ క్రేన్ ఒకటి సైటు గేటు బయట మండుటెండలో పడిగాపులు కాసింది. మీ జిరాక్సు మీద ఆపరేటరు సంతకం లేదట. సంతకం పెట్టించి, స్కాన్ చేయించి, ఫైల్లో పెట్టాకే గేటు తెరుచుకుంది. అంతసేపట్లో “ఈ బండి 14 మీటర్ల రేడియస్‌లో, అంటే అంత దూరంలో, ఎంత ఎత్తుతుంది?” అని అడిగిన నాథుడు లేడు. మీరుండగా ఆ ప్రశ్నతో పనేముంది?

మీ వంశగౌరవం మీద మాకేమీ అనుమానం లేదండీ. కాకపోతే కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మొబైల్ క్రేన్‌ను నిర్మాణ యంత్ర వాహనాల్లో చేర్చి, అక్కడే ఇంకో మాట కూడా చెప్పాయి. ఈ రకం బండికి రోడ్డు మీద తిరగడం అనుబంధ పని మాత్రమే, అసలు పని రోడ్డు బయట. రోడ్డెక్కినా కొద్దిసేపే, అదీ గంటకు 50 కిలోమీటర్లు దాటకుండా. మరి తమరు పరీక్ష పెట్టేది దేనికయ్యా అంటే, ఆ కొద్దిసేపటి అనుబంధ పనికే! ఎనిమిది వేయించారు, రివర్సు చూశారు, బోర్డు గుర్తులు అడిగారు, ఎరుపూ ఆకుపచ్చా తెలుస్తున్నాయని డాక్టరు చేత రాయించారు. కూరగాయల సంచి మోయించి చూసి పెళ్లి వంట అప్పగించినట్టుంది వ్యవహారం.

మిగతావన్నీ సర్దుకుంటాం. రేడియస్ సంగతి మాత్రం మింగుడుపడటం లేదు.

క్రేన్ పొడవాటి చెయ్యి, అదే బూమ్, దాని మీద మనిషెత్తు అంకెలతో 50 అని రాసి ఉంటుంది. అది సుమారు మూడు మీటర్ల రేడియస్‌లో, బూమ్ పూర్తిగా ముడిచి, నేలకు ఆనించే పక్క కాళ్లు, అంటే అవుట్‌రిగ్గర్లు, నాలుగూ పూర్తిగా చాచి ఉన్నప్పటి మాట. మూడు మీటర్లంటే హుక్ ఇంకా బండిని ఆనుకునే ఉంటుంది. అక్కడ ఎవరూ ఏమీ దించుకోరు. అదే బండి పది మీటర్ల దగ్గర 12, 14 టన్నులకు పడిపోతుంది. ఇరవై మీటర్లకు వెళ్తే మూడు, నాలుగు టన్నులు, మోడల్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. “యాభై టన్నుల బండికి ఐదు టన్నులు ఒక లెక్కా?” అన్న మాట తర్వాతే చాలా బండ్లు పల్టీ కొట్టాయి.

పోనీ రేడియస్ ఎక్కణ్నుంచి కొలవాలో అయినా తమరి సిలబస్‌లో ఉందా? బంపర్ నుంచి కాదు, బూమ్ పొడవు అంతకన్నా కాదు. క్రేన్ పైభాగం ఏ ఇరుసు మీద తిరుగుతుందో దాని మధ్య నుంచి, హుక్ నిట్టనిలువుగా వేలాడే చోటు వరకు, నేల మీద టేపు పట్టి కొలవాలి. ఇంతే విషయం. చెప్పడానికి రెండు నిమిషాలు, కొలిచి చూపించడానికి ఐదు.

ఒక లెక్క వేద్దాం, ఓపిక పట్టండి. ప్రీకాస్ట్ ప్యానెల్ బరువు డెలివరీ కాగితంలో 5 టన్నులు. హుక్ బ్లాక్ (కప్పీలతో సహా హుక్) 450 కిలోలు, స్ప్రెడర్ బీమ్ (కట్లను దూరంగా పట్టే అడ్డదూలం) 300, కట్టే స్లింగులూ వాటిని తగిలించే షకిల్సూ కలిపి 150. మొత్తం 5,900 కిలోలు. హుక్ బ్లాక్ క్రేన్ వాళ్లదే కదా, అదెందుకు కలపాలి అనేవాళ్లు ఉన్నారు, వాళ్ల జేబులోనూ మీరున్నారు. ఏ రేడియస్‌లో ఎంత ఎత్తొచ్చో చెప్పే లోడ్ చార్టులో 14 మీటర్ల గడిలో 7 టన్నులు, 16 మీటర్ల గడిలో 5.6 టన్నులు ఉన్నాయనుకుందాం. పద్నాలుగు దగ్గర ఎత్తితే 84 శాతం, బాగానే ఉంది. కానీ ప్యానెల్ దించాల్సిన చోటు ఒకటిన్నర మీటరు అవతల ఉంది. అంటే పదిహేనున్నర. రెండు గడులకూ మధ్యలో పడితే సగటు తీయకూడదు, పెద్ద రేడియస్ గడినే చూడాలి. 16 గడిలో 5.6, హుక్ మీద 5.9. బరువు అదే, బండి అదే, ఎత్తినప్పుడు తిప్పలు లేవు, దించేటప్పుడు ఓవర్‌లోడ్! దీనికి తోడు బరువు నేల వదలగానే బూమ్ వంగి హుక్ ఇంకాస్త బయటికి జరుగుతుంది. ఖాళీ హుక్‌తో కొలిచిన రేడియస్ అప్పటికే పాతబడిపోయింది.

చార్టులో ఒక మందపాటి గీత కూడా ఉంటుంది, కొన్నిట్లో రంగు మార్చిన గడులు. ఒకవైపు అంకెలు బండి ఎక్కడ పల్టీ కొడుతుందో చూసి పెట్టినవి. మరోవైపువి బూమ్ ఉక్కు ఎంత తట్టుకుంటుందో చూసి పెట్టినవి. ఇది తెలియని ఆపరేటరు “ఏం కాదన్నా, బండే చెప్తుంది” అంటాడు. వెనక అవుట్‌రిగ్గర్ తేలికవడం సీటు కింద తెలుస్తుందని ధీమా. నిజమే, మొదటివైపు అంకెల్లో కొన్నిసార్లు తెలుస్తుంది. రెండోవైపు బండి ఏమీ చెప్పదు. నాలుగు పాదాలూ నేలకు గట్టిగా ఆనుకునే ఉంటాయి, పైన బూమ్ విరుగుతుంది.

నేల సంగతి క్లుప్తంగా. ట్రక్ క్రేన్ 40 టన్నులు, లోడ్ ఆరు, మొత్తం 46. బూమ్ ఒక మూల మీదికి తిరిగినప్పుడు అందులో ముప్పావు వంతు దాకా ఒక్క కాలు మీదే పడొచ్చని లెక్క వేసుకోవాలి, అంటే ముప్పై నాలుగున్నర టన్నులు. పాదం అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు అయితే చదరపు మీటరుకు 138 టన్నులు. నల్లరేగడి చదరపు మీటరుకు పది టన్నులు మోస్తుందనుకున్నా, పాదం కింద మూడున్నర చదరపు మీటర్ల మ్యాట్ కావాలి. సైట్లో వేసేది రెండు చెక్కముక్కలు. పక్కన నిన్ననే పైపు వేసి పూడ్చిన కందకం ఉంటే దాని పుణ్యం దానిదే.

ఇక్కడ మీ తరఫున ఎవరో ఒకరు లేచి, “ఎల్‌ఎంఐ, అదే లోడ్ ఎంతుందో చూసి హెచ్చరించే మీటరు, ఉంది కదండీ, ఓవర్‌లోడ్ అయితే అదే ఆపేస్తుంది” అంటారు. ఉంది. ఆపరేటరు ఏం చెబితే అదే నమ్ముతుంది కూడా. చాలా పాత బండ్లలో అవుట్‌రిగ్గర్లు ఎంత చాచారో దానంతట అది చూడలేదు. గోడ అడ్డొచ్చి ఒకవైపు సగమే చాచి, స్క్రీన్ మీద “పూర్తిగా” అన్న కోడ్ కొడితే, తెర మీద పచ్చలైటు నిశ్చింతగా వెలుగుతూనే ఉంటుంది. హుక్ మీద తాడు ఎన్ని వరసలు వేశారో కూడా మనమే చెప్పాలి. అన్నీ సరిగ్గా చెప్పి, అది నూరు శాతం దగ్గర కూతపెట్టి ఆపేసిందే అనుకో, పక్కనే దాన్ని పని చేయకుండా చేసే బైపాస్ తాళం. ఆ తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర ఉండాల్సింది. ఎక్కడుంటుందో నీకు తెలుసు. నీ పక్క జేబులోనే ఉంటుంది.

అవును, నువ్వే. గారూ గీరూ ఇక చాలు. నువ్వు అబద్ధం ఆడటం లేదు, నిజమే. “ఇతను భారీ వాహనం నడపగలడు” అని మాత్రమే నీ మీద రాసి ఉంది. దాన్ని “ఇతను ఎత్తగలడు” అని చదువుకుంటున్నది గేటు దగ్గర ఫైలు పట్టుకున్నవాళ్లు, క్రేన్ అద్దెకిచ్చేవాళ్లు, టెండర్లో “వ్యాలిడ్ లైసెన్స్” అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకునేవాళ్లు. నువ్వు నోరు మూసుకుని ఒప్పుకుంటున్నావు. 1998 నాటి భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నిబంధనలు క్రేన్ ఆపరేటరుకు పద్దెనిమిదేళ్లు దాటాలన్నాయి, సామర్థ్యం ఉండాలన్నాయి, వైద్యపరీక్ష జరగాలన్నాయి. సామర్థ్యం దగ్గరికొచ్చేసరికి అందరి వేలూ నీవైపే.

స్కిల్ సర్టిఫికెట్ అని నీకో తమ్ముడు పుట్టాడు. పాఠాలు బాగానే రాశారు, కాదనను. కానీ అనుభవజ్ఞుల కోటాలో కొద్ది గంటల ఓరియంటేషన్, కొన్ని ప్రశ్నలు, ఒక గ్రూప్ ఫొటోతో అయిపోయే చోట్ల క్రేన్ స్టార్ట్ అయిందో లేదో ఫొటోలో తెలియదు.

వింత ఏమిటంటే, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లిన మనవాళ్లే అక్కడి పెద్ద ఆయిల్ ప్రాజెక్టుల్లో థర్డ్ పార్టీ పరీక్షకు కూర్చుంటారు. చార్టు ముందు పెట్టి అడుగుతారు, బరువు ఎత్తించి చూస్తారు. అమెరికాలో సర్టిఫికెట్ ఐదేళ్లకోసారి కొత్తది తెచ్చుకోవాలి. అది ఒక్కటే చాలదని 2018లో రూలు మార్చారు. ఆ బండి మీద, ఆ పనిలో ఆపరేటరు చేయి ఎలా ఉందో యజమాని స్వయంగా చూసి, రాసి పెట్టాలి. మన మనిషి తిరిగొచ్చి ఇక్కడ అదే సీటెక్కితే ఆ కాగితాలు ఎవరూ చూడరు. నువ్వుంటే చాలు.

ఆపరేటర్లను తప్పుపట్టడానికి ఈ ఉత్తరం కాదు. హెల్పరుగా చేరి, గ్రీజు కొట్టి, అవుట్‌రిగ్గర్ కింద చెక్కలు మోసి, రాత్రి షిఫ్టులో పెద్దాయన కునుకు తీసినప్పుడు లివర్లు పట్టుకుని నేర్చుకున్న చేతులవి. పది టన్నుల కాలమ్ బేస్ ప్లేటును నాలుగు యాంకర్ బోల్టుల మీద ఒక్క ప్రయత్నంలో కూర్చోబెట్టేవాళ్లున్నారు. కింద కలాసీ “ఆరియా” అనగానే ఎంత దించాలో ఆ గొంతును బట్టి తెలిసేవాళ్లున్నారు. ఆ చేతికి ఒక్క పేజీ చార్టు నేర్పడానికి ఎవరికీ తీరలేదు. ఆ చార్టు కూడా ఇంగ్లీషులో, సీటు వెనక, ఎండకు వెలిసిపోయిన స్టిక్కరు మీద ఉంటుంది.

కాబట్టి వచ్చేసారి నీ రెన్యువల్‌కి వచ్చినవాడికి ఎనిమిది వద్దు. చార్టు ఇచ్చి, తెలుగులోనో హిందీలోనో, పదిహేనున్నర మీటర్లకు ఎంత అని అడుగు. 30 మీటర్ల టేపు ఇచ్చి రేడియస్ కొలవమను. రెండు కాళ్ల స్లింగు అడ్డం నుంచి 30 డిగ్రీల్లో ఉంటే నాలుగు టన్నుల లోడ్‌కి ఒక్కో కాలు మీద ఎంత పడుతుందో అడుగు. రెండు అన్నవాణ్ని ఇంటికి పంపు. నాలుగు అని చెప్పి, “కాళ్లు పొడుగు చేసి 60 డిగ్రీలకు తెస్తా” అన్నవాడికి ముద్ర వెయ్యి. ఫీజు రెట్టింపు చేసుకో, ఎవరూ గొడవ చేయరు.

ఇట్లు,
లోడ్ తిరగకుండా కట్టిన తాడు, అదే ట్యాగ్‌లైన్, పట్టుకుని లోడ్ పక్కన నడిచేవాళ్ల తరఫున,
ఒక రిగ్గింగ్ సూపర్‌వైజర్

తా.క.: లోడ్ పట్టుకుని నడిచే హైడ్రా క్రేన్ గురించి ఇందులో రాయలేదని సంతోషించకు. నడుము దగ్గర మెలి తిరిగే ఆ బండికి తిన్నగా ఉన్నప్పుడు ఒక కెపాసిటీ, పక్కకు తిరిగినప్పుడు అంతకన్నా తక్కువ కెపాసిటీ. లోడ్ వేలాడేసుకుని మలుపు తిప్పే ముందు ఆ రెండో అంకె చూసుకున్న ఆపరేటరు ఎవరైనా నీ రికార్డుల్లో తగిలితే, పేరు పంపు. శాలువా నేను కొంటాను.