గ్రహణం పూట గడప దాటుదాం

2022 అక్టోబరు 25, దీపావళి తెల్లారి. పొద్దున్నుంచే గుళ్ల తలుపులు మూసేశారు. ఇళ్లలో పచ్చడి జాడీల మీద గరిక పోచలు వేశారు. నోములు ఏ రోజు నోముకోవాలన్న టెన్షన్ అంతకు వారం ముందే మొదలైంది. సాయంత్రం అయిదు గంటల ప్రాంతంలో గ్రహణం పట్టింది. వరంగల్‌లో పొద్దుగూకడానికి అప్పటికి నలభై నిమిషాలే మిగిలాయి. పట్టిన గ్రహణం విడవకముందే సూర్యుడు కుంకిపోయాడు. పంచాంగకర్తలు దీన్ని గ్రస్తాస్తమయం అంటారు. స్పర్శ, అంటే గ్రహణం పట్టడం మనకు కనిపిస్తుంది; మోక్షం, అంటే విడవడం మాత్రం సూర్యుడు మన నేల కిందికి దిగిపోయాక జరుగుతుంది.

ఆ నలభై నిమిషాలు మన ఊళ్లలో ఎంతమంది పిల్లలు ఆకాశం వైపు చూశారు? చాలామంది తలుపులు వేసిన ఇళ్లలో టీవీ ముందు కూర్చుని, పళ్లెంలో రోకలి నిలబడిందన్న వార్త చూశారు. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. ఈ మాట రుజువు చేయడానికి అమావాస్య అక్కర్లేదు, వంటింట్లో అయిదు నిమిషాలు చాలు.

సాయంకాలపు గ్రహణం అంటే సముద్రతీరాన నిలబడి చూడాల్సిందేనని చాలామంది అనుకుంటారు. పడమట సముద్రం ఉన్న ఊళ్లకు అది నిజమే. మన తెలుగు తీరం తూర్పున ఉంది. విశాఖలో, కాకినాడలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కుంకేది మాత్రం ఊరి వెనకే. పైగా అక్కడ పొద్దు మనకంటే ముందే వాలుతుంది కాబట్టి 2022లో విశాఖ వాళ్లకు దక్కిన సమయం మనకన్నా తక్కువ. పడమటి దిక్కు తెరిపిగా ఉంటే చాలు, అలాంటి చోట్లకు ఓరుగల్లులో కొదవ లేదు. హన్మకొండలో పద్మాక్షి గుట్ట ఉంది, కోటలో ఏకశిల గుట్ట ఉంది. కాకతీయులు కట్టించిన చెరువుల కట్టలు ఊరూరా ఉన్నాయి. బతుకమ్మను సాగనంపడానికి ఊరంతా చేరేది ఆ కట్టల మీదికే. ఒక సాయంత్రం బడి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లడం ఏమంత కష్టం?

తెలుగు నేల మీద గ్రహణాలను చూసినవాళ్లు లేకపోలేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు దాకా వచ్చారు. ఆ ఏడాది సూర్యకాంతిని రంగులుగా విడదీసి చూసినప్పుడు కనిపించిన ఒక పసుపు గీతే హీలియం మూలకాన్ని పట్టిచ్చింది. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ నడినెత్తి మీదుగా చంద్రుడి నీడ సాగిపోయింది. శాస్త్రవేత్తలు అక్కడ టెలిస్కోపులు బిగించుకుని ఉంటే, నగరాల్లో రోడ్లు కర్ఫ్యూ పెట్టినట్టు బోసిపోయాయి. ఒకే మధ్యాహ్నం, ఒకే ఆకాశం. ఎంతోమంది ఆ అరుదైన చీకటిని కిటికీ సందులోంచి కూడా చూడలేదు.

పూజలు, స్నానాలు, ఉపవాసాలు ఎవరి విశ్వాసం వారివి. వాటితో మాకు పేచీ లేదు. గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో ముందే లెక్కకట్టిన పంచాంగ గణితం మీద మాకు గౌరవం ఉంది. సూర్యుణ్ని కప్పేది చంద్రుడేనని ఆర్యభటుడు 1,500 ఏళ్ల కిందటే చెప్పాడు. మా బాధంతా ఒక్క మాట గురించి.

గ్రహణం మొర్రి. పై పెదవి చీలి పుట్టిన పసిబిడ్డను చూసి మన భాష వాడే మాట ఇది. బిడ్డ పుట్టిన మరుక్షణం చుట్టుపక్కల ఆడవాళ్లు తల్లిని అడిగే మొదటి ప్రశ్న, 'గ్రహణం నాడు ఏం చేసినవ్ బిడ్డా?' అని. కత్తి పట్టుకున్నావా, కూరగాయలు కోశావా, బయటికొచ్చావా? అసలే బిడ్డ ముఖం చూసి కుమిలిపోతున్న తల్లి నెత్తిన ఆ ఒక్క మాట నేరం మోపుతుంది. పెదవి రూపుదిద్దుకునేది గర్భం దాల్చిన నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య. చాలామందికి కడుపు నిలిచిందన్న సంగతి అప్పటికి ఇంకా సరిగ్గా తెలియను కూడా తెలియదు. వంశపారంపర్య కారణాలు, ఫోలిక్ యాసిడ్ లోపం, పొగ, కొన్ని రకాల మందులు ఇందుకు దారితీస్తాయి. ఎక్కడో ఆకాశంలో పడే నీడకు ఇందులో పాత్ర లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ లోపానికి ఉచితంగా చికిత్స ఉంది. నెలల పిల్లలప్పుడే ఆపరేషన్ చేయిస్తే పెదవి చక్కగా కలుస్తుంది. ఆశా కార్యకర్త తెచ్చిచ్చే ఫోలిక్ యాసిడ్ బిళ్లను పక్కన పడేసి, గ్రహణం పూట నిండు గర్భిణిని గంటల తరబడి కాలుచేయి కదపనీయకుండా, గుక్కెడు నీళ్లు తాగనీయకుండా చీకటి గదిలో పడుకోబెడుతున్నాం. ఆమెకు, కడుపులోని బిడ్డకు నిజంగా చేటు చేసేది ఆ దాహమే.

గ్రహణంలో భయపడాల్సింది ఒకటుంది, అది కంటికి సంబంధించినది. పొద్దువాలే వేళ సూర్యుడు ఎర్రబడి చల్లగా కనిపిస్తాడు. ఏమీ కాదులే అనిపిస్తుంది. కంటిలోని రెటీనాకు నొప్పి తెలియదు, కాలినా ఆ క్షణాన ఏమీ అనిపించదు. చూపు మధ్యలో మచ్చ పడిందన్న సంగతి కొన్ని గంటల తర్వాత గానీ బయటపడదు. మసి పూసిన గాజు, పాత ఎక్స్‌రే ఫిల్మ్, చలువ కళ్లద్దాలు, పసుపు నీళ్లలో నీడ, ఇవేవీ రక్షణ కావు. సూర్యుణ్ని నేరుగా చూసే అద్దాలకు అంతర్జాతీయ భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 12312-2 ముద్ర ఉన్న గ్రహణం కళ్లద్దాలతోనే చూడాలి.

అవి దొరకని బడిలో జల్లెడ చాలు. పడమటి ఎండ పడే గోడకు బారెడు దూరంలో దాన్ని పట్టుకుంటే ఒక్కో చిల్లు ఒక్కో సూర్యుణ్ని గోడ మీద గీస్తుంది. గ్రహణం పట్టాక ఆ గుండ్రాలన్నీ అంచు కొరికిన జొన్నరొట్టెలవుతాయి. వేపచెట్టు ఆకుల సందులూ ఇదే పని చేస్తాయి. నడిమధ్యాహ్నం ఆ చుక్కలు నేల మీద పడితే, సాయంత్రం ఏటవాలు ఎండకు గోడ మీదికి ఎక్కుతాయి. సూర్యుడి వైపు వీపు పెట్టి, గోడను చూస్తూ పిల్లలు గ్రహణమంతా చూడొచ్చు. ఒక్కసారి అలా చూసిన పిల్లకు రాహుకేతువుల గురించి ఎవరూ వాదించి చెప్పనక్కర్లేదు.

2027 ఆగస్టు 2న స్పెయిన్, ఈజిప్టుల మీదుగా సాగే సంపూర్ణ సూర్యగ్రహణం మనకు సాయంత్రం పూట పాక్షికంగా కనిపిస్తుంది. ఆ రోజు సోమవారం, బడి ఉండే రోజు. గ్రహణమని సెలవిచ్చి పిల్లల్ని ఇళ్లకు పంపొద్దని విద్యాశాఖను ఇప్పుడే కోరుతున్నాం. ప్రతి ఉన్నత పాఠశాలకు కనీసం ఒక పెట్టె కళ్లద్దాలు ముందుగా తెప్పించాలి. సైన్స్ టీచర్లకు ఒక పూట శిక్షణ చాలు. ప్రతాపరుద్రుడి పేరుతో ప్లానెటేరియం ఉన్న నగరం మనది, ఆ సాయంత్రం దాని ముంగిట టెలిస్కోపు పెట్టి సూర్యబింబాన్ని తెల్ల తెర మీద చూపించాలి. అంగన్‌వాడీల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ముందు వారమే చెప్పాలి: అన్నం తినండి, నీళ్లు తాగండి, మీ పని మీరు చేసుకోండి.

అది వానాకాలం. ముసురు పట్టి సూర్యుడు అసలే కనిపించకపోవచ్చు. అయినా సన్నాహం వృథా కాదు, 2031 మే 21న దక్షిణాదిలో వలయాకారంగా కనిపించే గ్రహణం మన దగ్గర పాక్షికంగా పడుతుంది. 2027లో ఆరో తరగతిలో చేరే పిల్లలు అప్పటికి పదిలోకి వస్తుంటారు. అవి ఎండాకాలం సెలవులు, పిల్లలు ఇళ్ల దగ్గరే ఉంటారు. బడి గోడ మీద ఆ కొరికిన రొట్టెలను చూసి ఉన్న పిల్లలైతే, ఆ రోజు తామే జల్లెడ పట్టుకుని వాకిట్లోకి వస్తారు, వెనకే అమ్మనూ పిలుస్తారు.