లాభాల లెక్క అడిగినోళ్లు చందా లెక్క అడగరేం?

2024లో దసరాకు ముందు సింగరేణి లాభాల వాటా ప్రకటన గుర్తుందా? మొత్తం లాభం 4,701 కోట్లు, విస్తరణకని 2,289 కోట్లు పక్కనబెట్టి మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకన్నారు. అసలు లాభం మీద చూస్తే అది 17 శాతం కూడా లేదని కార్మికులు వెంటనే లెక్కగట్టేశారు. యాజమాన్యం లెక్కంటే మనకంత చురుకు.

సొంత యూనియన్ పద్దు దగ్గర ఆ చురుకు ఎటు పోతుందో!

ఓ జనరల్ బాడీ మీటింగ్‌కి వెళ్లాను, ఏ యూనియనో ఎందుకులెండి. కోశాధికారి లేచి జమ, ఖర్చు, నిల్వ గబగబా చదివాడు. అన్నిటికన్నా పెద్ద పద్దు 'ఇతర ఖర్చులు'. వెనక నుంచి ఒకాయన చెయ్యెత్తితే "అన్నా, భోజనాలయ్యాక మాట్లాడుకుందాం" అన్నారు. భోజనాలయ్యాక ఎవరుంటారు?

చందా ఇప్పుడు చాలాచోట్ల జీతంలోనే కట్ అవుతోంది. రసీదు బుక్కు పట్టుకుని మనిషి ఎదురుగా నిలబడితే "పోయినసారి డబ్బులేం చేశారు" అని కనీసం గొణిగేవాళ్లం, పే స్లిప్‌లో గీతను ఎవరు అడుగుతారు?

2025 దాకా అమల్లో ఉన్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ఈ విషయంలో గట్టిగానే ఉండేది. ఏటా ఆడిట్ చేసిన లెక్కలు రిజిస్ట్రార్‌కి పంపాలి, ఖాతా పుస్తకాలు చూసే హక్కు సభ్యుడికి ఉంది, రాజకీయ నిధి విడిగా ఉండాలి, దానికి డబ్బివ్వమని ఎవరినీ బలవంతపెట్టకూడదు అని చెప్పేది. లెక్కలు పంపకపోతే జరిమానా? 5 రూపాయలు, ఎంత సాగదీసినా 50 దాటేది కాదు, టీ ఖర్చు కన్నా తక్కువ! 2025 నవంబర్‌లో ఆ చట్టం స్థానంలో అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ జరిమానాను వేలల్లోకి తెచ్చింది, సరే. ఆ కోడ్‌తో నాకు వేరే గొడవలున్నాయి, ఇది మాత్రం తప్పనను.

నాయకులందరూ తినేస్తున్నారని కాదు నా మాట. ఆ పాత చట్టానికి 2001లో చేసిన సవరణ పెట్టిన కనీస చందా ఏడాదికి 12 రూపాయలే ఉండేది, అసంఘటిత రంగంలోనైతే 3. ఆ డబ్బుతో లేబర్ కోర్టు వాయిదాలకు లాయర్ వస్తాడా? ఆఫీసు అద్దె, జెండాలు, ధర్నాకు బస్సులు, సమ్మె రోజుల్లో టెంటు కింద అన్నం... వీటిలో సగానికి బిల్లే ఉండదు, నిజంగా ఖర్చయినా సరే 'ఇతర ఖర్చుల్లో' కలిసిపోతుంది. చాలనిది ఎవరో దాత ఇస్తాడు, ఆ దాత పేరు పద్దులో కనిపించదు. నాకు భయం అక్కడే. రేపు వేతన ఒప్పందం మీద బేరానికి కూర్చున్నప్పుడు ఆ దాత బల్లకు ఏ పక్కన ఉంటాడో మనకెలా తెలుస్తుంది?