కరెంటు పోతే లిఫ్ట్ తెగి పడుద్దా? ఆ ఫార్వర్డ్‌లో ఉండే తప్పులు

నెల్లూరు మాగుంట లేఅవుట్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి ఒంగోలు చుట్టాల ఫోన్ల దాకా పోయిందబ్బా ఈ మెసేజ్. అందులో ఏముందంటే, కరెంటు పోతే లిఫ్ట్ తాడు తెగి పడుద్దంట, నేలకి తగిలే ముందు గట్టిగా ఎగిరితే బతుకుతామంట, మధ్యలో ఇరుక్కుంటే గాలి అయిపోద్ది కాబట్టి తలుపులు లాగి దూకేయాలంట, ఇంక ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు, ఉంటే వేరే తనిఖీ దండగంట.

మొదటిది పూర్తిగా తలకిందులు. లిఫ్ట్ బ్రేక్ వదలడానికి కరెంటు కావాలి గానీ పట్టుకోడానికి అక్కర్లేదు, అది స్ప్రింగు పని. కరెంటు పోయిన క్షణమే బ్రేక్ బిగుసుకుని లిఫ్ట్ ఎక్కడిదక్కడ ఆగిపోద్ది. ఏఆర్‌డీ, అంటే కరెంటు పోతే లిఫ్ట్‌ని తనంతట తనే ఫ్లోర్‌కి చేర్చే పరికరం, పెట్టించుకున్నోళ్లకి బ్యాటరీ మీద దగ్గర ఫ్లోర్‌కి వచ్చి తలుపు తెరుచుకుంటది, అంతే.

తాడు సంగతి. మన అపార్ట్‌మెంట్లలో ఉండే తాళ్ల లిఫ్టుకి ఉండేది ఒకే తాడు కాదు, స్టీలు తాళ్లు కొన్ని కలిపి ఉంటాయి. అవన్నీ తెగినా స్పీడు హద్దు దాటగానే గవర్నర్ అనే స్పీడు కనిపెట్టే పరికరం పట్టుకుని, క్యాబిన్ కింద ఉండే సేఫ్టీ గేర్ లిఫ్ట్ జారే ఇనప పట్టాలని కరుచుకుంటది. తాడు తెగినా పడకుండా ఆపే ఏర్పాటుని దాన్ని కనిపెట్టిన ఓటిస్ అనే అమెరికా ఆయన న్యూయార్క్‌లో 1854లోనే జనం ముందు చేసి చూపించాడు. ఇంకో తమాషా చెప్తా, తాళ్ల రెండో కొసకి వేలాడే కౌంటర్ వెయిట్ ఖాళీ క్యాబిన్ కంటే బరువు కాబట్టి ఒకరిద్దరే ఉన్నప్పుడు బ్రేక్ ఫెయిలైతే లిఫ్ట్ పోయేది పైకి!

ఎగరడమా... ఐదో అంతస్తు నుంచి, అంటే 15 మీటర్లు సూటిగా పడితే కిందకొచ్చేసరికి స్పీడు గంటకి 60 కిలోమీటర్లు, మనం ఎగిరితే అందులో తగ్గేది మహా అయితే 10. వదిలేయండి.

మూడోదే ప్రాణం తీసేది, దీనికే నాకు కోపం. లిఫ్ట్ క్యాబిన్ గాలి చొరబడని డబ్బా కాదు, సందులుంటాయి, ఫ్యాన్ దారి ఉంటది, గంటలు కూర్చున్నా ఊపిరి ఆడుద్ది, ఉక్కపోస్తది అంతే. అదే రెండు ఫ్లోర్ల మధ్య ఆగినప్పుడు తలుపు లాగి దూకారనుకోండి, క్యాబిన్ అడుగున తెరిచున్న గొయ్యి, కాలు జారితే నేరుగా అందులోకే, పైగా సగం బయట ఉన్నప్పుడు లిఫ్ట్ కదిలితే ఇంక చెప్పక్కర్లేదు. అలారం నొక్కి కూర్చోండి. వాచ్‌మన్‌కి తాళం ఉందని తీయించకండి, మెయిన్ ఆఫ్ చేసి తెలిసినోడు క్యాబిన్‌ని ఫ్లోర్‌కి తెచ్చాకే తలుపు తీయాలి.

ఏఎంసీ అంటే గ్రీజు పూసి బిల్లు రాసుకునే కాంట్రాక్టు, అది చేసినోడే తన పనికి తనే మార్కులేసుకుంటే తనిఖీ ఎట్టవుద్ది? బొంబాయిలో 1939లోనే లిఫ్టులకి చట్టం తెచ్చారు, మన పక్కనే తమిళనాడులో 1997 చట్టం ఉంది, లైసెన్సు, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడడం అన్నీ అందుకే. అసోసియేషన్ మీటింగులో పెయింటు రంగు కోసం గంట కొట్టుకుంటారు గదా, గవర్నర్ ఎప్పుడు టెస్ట్ చేశారని ఒక్కరన్నా అడగరు.

పాత గ్రిల్ తలుపుల లిఫ్టులో మెకానిక్ రిపేరు పేరుతో డోర్ కాంటాక్ట్‌ని, అంటే తలుపు తెరిచుంటే లిఫ్ట్ కదలకుండా ఆపే స్విచ్‌ని, పని చేయకుండా వైరు డైరెక్ట్ చేసి పోయింటాడు, అది చూసుకోండి ముందు. గ్రిల్ తెరిచిపెట్టి, లోపల ఎవరూ లేకుండా, దూరంగా నిలబడి, వేరే ఫ్లోర్ నుంచి ఒకరిని బటన్ నొక్కమనండి. కదిలిందా, అప్పటికప్పుడు మెయిన్ ఆపేసి, ప్రతి ఫ్లోర్‌లో బోర్డు పెట్టి మెకానిక్‌ని పిలవండి.