డెల్టాకు అసలు ముప్పు క్రోమియం కాదు, ఉప్పు

గోదావరి డెల్టాలో లెదర్ పార్కు ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ చర్చ తోలు పదునుకు వాడే క్రోమియం దగ్గర మొదలై క్రోమియం దగ్గరే ఆగిపోతుంది. వద్దనేవారు క్యాన్సర్ గురించి మాట్లాడతారు, కావాలనేవారు ఆధునిక శుద్ధి కేంద్రం గురించి మాట్లాడతారు. ఉప్పు సంగతి ఇరుపక్షాలూ ఎత్తవు. ఖనిజ లవణాలతో తోళ్లను పదును చేసే పరిశ్రమలో పచ్చితోలును నానబెట్టి, సున్నం పెట్టి, క్రోమ్ ఎక్కించే తడి దశ ఒకటుంది. ఆ దశ ఏ రూపంలోనూ డెల్టాకు రాకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ట్యానరీ, అంటే తోళ్లను పదును చేసే కర్మాగారం, వదిలే ఉప్పును మోసుకుపోవలసిన మన మురుగు కాలువలకు ఆ శక్తి లేకపోవడమే అందుకు కారణం.

ఖనిజంతో తోలును పదును చేయడం కొత్త విద్యేమీ కాదు. పటికతో తెల్లని తోలు తయారుచేయడం వేల ఏళ్ల నాటి పని. అయితే ఆ తోలు నీళ్లలో నానితే పటిక వదిలిపోయి మళ్లీ పచ్చితోలు గుణానికి వచ్చేది. క్రోమియం లవణాలు తోలులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటే అంత తేలిగ్గా వదలవు. జర్మనీలో నాప్ 1858లో ఈ సంగతిని గుర్తించాడు. అమెరికాలో షుల్ట్జ్ 1884లో పేటెంటు పొందాడు. 1893లో మార్టిన్ డెనిస్ దాన్ని ఒకే స్నానంతో పూర్తయ్యే పద్ధతిగా మార్చాడు. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, గత శతాబ్దం తొలి ఏళ్లలో, ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోమ్ తోలు ప్రయోగాలు చేశాడు. ఎప్పుడూ తడిలో ఉండే మోట తోళ్లకు అది పనికొస్తుందన్నది ఆయన ఆశ.

ఆ పద్ధతి బలం ఏమిటో ట్యానరీలో చేసే ఒక చిన్న పరీక్షలో కనిపిస్తుంది. తిరిగే డ్రమ్ములోంచి తీసిన తోలు అంచున బొటనవేలంత ముక్క కోస్తారు. కోసిన చోట పైపొర నుంచి అడుగు దాకా ఒకే లేత నీలం రంగు కనిపించాలి. తర్వాత ఆ ముక్కను కాగితంపై ఉంచి చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, సలసల మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు వేసి, తీసి మళ్లీ అదే గీతపై పెడతారు. క్రోమ్ సరిగ్గా పడితే ముక్క గీతకు సరిగ్గా సరిపోతుంది. పడకపోతే ముడుచుకుపోయి సగమవుతుంది. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు 80 డిగ్రీల వేడి దగ్గరే ముడుచుకోవడం మొదలుపెడుతుంది. ప్రపంచంలో తయారయ్యే తోలులో అత్యధిక భాగం క్రోమ్ తోలే కావడానికి ఆ తేడా ఒక పెద్ద కారణం.

క్రోమియం ప్రమాదం లేనిదని నేను అనడం లేదు. మామూలు పద్ధతిలో వేసిన క్రోమ్ లవణంలో 60 నుంచి 70 శాతమే తోలు పీల్చుకుంటుంది. మిగిలింది నీళ్లతో బయటికి పోతుంది. అయితే ట్యానరీలో వాడేది మూడు వేలెన్సీల క్రోమియం. క్షారం కలిపి నీటిని కొంచెం ఘాటెక్కిస్తే అది ఆకుపచ్చని బురదలా అడుగుకు దిగుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌తో దించి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, మళ్లీ డ్రమ్ములోకి పంపించే పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ నీళ్లు లేకుండానే క్రోమ్ ఎక్కించే పద్ధతిని కూడా రూపొందించింది. ఆరు వేలెన్సీల క్రోమియం సంగతి వేరు, అది నిజమైన విషం. తమిళనాడులోని రాణిపేటలో మూతపడిన క్రోమేట్ల కర్మాగారం వెనక లక్ష టన్నులకు పైగా గుట్టపడి ఉన్న వ్యర్థం ఆ రకానిదే. అది ట్యానరీలు వాడే క్రోమ్ లవణానికి ముడిసరుకు తయారుచేసే కర్మాగారం వదిలిపెట్టిన గుట్ట. ట్యానరీ క్రోమియాన్ని పట్టుకోవచ్చు, లెక్కపెట్టవచ్చు, తిరిగి వాడుకోవచ్చు. శ్రద్ధ, తనిఖీ ఉంటే అదంతా సాధ్యమే.

ఉప్పు ఆ మాట వినదు. పశువు చనిపోయిన కొన్ని గంటల్లోనే తోలు కుళ్లడం మొదలవుతుంది కాబట్టి, వ్యాపారి గోడౌన్‌లో దానికి ఉప్పు పట్టిస్తారు. వంద కిలోల పచ్చితోలుకు సుమారు 40 కిలోల ఉప్పు పడుతుంది. రోజుకు 10 టన్నుల తోలు నానబెట్టే మధ్యతరహా ట్యానరీని ఊహించుకుంటే, దానికి వచ్చే తోళ్లకు పట్టించిన ఉప్పే రోజుకు 4 టన్నులు. ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే 1,200 టన్నులు. దులిపితే కొంత రాలుతుంది. తోలులో ఇంకిన మిగతా ఉప్పంతా మొదటి నానుడు నీళ్లలోకి దిగుతుంది. క్రోమ్ ఎక్కించే ముందు ఆమ్లంతో చేసే పిక్లింగ్ దశలో మళ్లీ ఉప్పు వేస్తారు, లేకపోతే ఆమ్లానికి తోలు ఉబ్బిపోతుంది. ఈ ఉప్పును ఏ క్షారమూ అడుగుకు దించలేదు, ఏ సూక్ష్మజీవీ తినలేదు. ఉమ్మడి శుద్ధి కేంద్రంలో దుర్వాసన పోతుంది, రంగు పోతుంది, క్రోమియం పోతుంది, లోపలికి వచ్చిన ఉప్పు మాత్రం వచ్చినట్టే బయటికి పోతుంది.

తమిళనాడులో ట్యానరీలున్న పాలార్ నది లోయను చంపడంలో పెద్ద చేయి ఈ ఉప్పుదే. వెల్లూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు, ట్యానరీల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పాక్షికంగానో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయిందన్న సర్వే ఫలితాన్ని ఉటంకించింది. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన న్యాయవ్యవస్థలో బలంగా పాతుకున్నది ఆ తీర్పుతోనే. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 2025 జనవరిలో, అదే నది గురించి, అవే ట్యానరీల గురించి అదే న్యాయస్థానం మరోసారి ఆదేశాలు ఇవ్వవలసి వచ్చింది. ఉప్పు ఎక్కిన నేలను తీర్పు కడగలేదు.

పాలార్ లోయలో నేలకు వాలు ఉంది. మనకు అదీ లేదు. ధవళేశ్వరం దాటాక నీటిని కిందికి లాగే వాలు చాలా తక్కువ. నర్సాపురం వైపో, కాట్రేనికోన వైపో పౌర్ణమి నాడు మురుగు కాలువ గట్టున నిలబడి చూడండి. పోటు ఎక్కే వేళకు గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా సముద్రం వైపు నుంచి ఊరి వైపుకు, అంటే వెనక్కు, కొట్టుకువస్తుంటాయి. ఉదయం వదిలిన నీరు సాయంత్రానికి మళ్లీ అదే తూము ముందుకు చేరే చోట టన్నుల కొద్దీ ఉప్పు వదిలితే అది ఎక్కడికి పోతుంది? పక్క పొలంలోకి ఊరుతుంది. మన నల్లరేగడి ఒండ్రులో సోడియం చేరితే బంకమట్టి రేణువులు విడిపోయి, నీరు దిగే సందులు పూడుకుపోతాయి. పైన నీళ్లు నిలిచి ఉన్నా వేరుకు అందవు. నాటు పడిన వారానికే దాళ్వా వరి ఆకు కొసలు తెల్లబడతాయి. జిప్సం వేస్తే బాగుపడుతుందని వ్యవసాయ అధికారులు చెప్పేది నిజమే. కాకపోతే జిప్సం చేసే పనల్లా సోడియాన్ని మట్టి నుంచి విడిపించడమే. విడిపించిన సోడియాన్ని మంచినీటితో కడిగి మురుగు కాలువలోకి దింపాలి. కాలువే నిండుగా నిలిచి ఉంటే ఆ వైద్యం పొలం గట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడ ట్యానరీని కాస్త పక్కన పెట్టి, నన్ను చాలా కాలంగా బాధిస్తున్న సంగతి చెప్పాలి. డెల్టా తన పంట కాలువలను కొలిచింది, మురుగు కాలువలను మరిచిపోయింది. 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్‌కు ఊరూరా విగ్రహాలున్నాయి. తాగునీరు, సాగునీరు, లాకులు, వంతులు, శివారు ఆయకట్టు గురించి చదువు రాని రైతు కూడా గంటసేపు మాట్లాడగలడు. పొలం తాగి వదిలిన నీరు ఎక్కడికి పోతుందో అడిగితే మాత్రం జవాబు ఉండదు. 1960లలో వరదలు పంటలను ముంచెత్తాక మిత్రా కమిటీ వేశారు, దాని సిఫార్సుల మీద కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పనుల కోసం 1968లో డ్రైనేజీ సెస్సు చట్టమే తెచ్చారు. మురుగు బాగు కోసం రైతు తన జేబు నుంచి పన్ను కట్టిన ప్రాంతం ఇది. అయినా భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్ రంగు చూస్తే, ఊళ్లు, ఫ్యాక్టరీలు, చెరువులు కలిసి దాన్ని ఏం చేశాయో తెలుస్తుంది. తుందుర్రు ఆక్వా ఫుడ్ పార్కుకు వ్యతిరేకంగా చుట్టుపక్కల గ్రామాల మహిళలు రోడ్డెక్కినప్పుడు వారి భయమంతా గొంతేరు డ్రెయిన్ గురించే. అభివృద్ధి నిరోధకులన్న నింద మోసిన ఆ మహిళలే మన నీటిపారుదల చరిత్రలో రాయకుండా వదిలేసిన సగాన్ని సరిగ్గా చదివారు.

ఎదుటి వాదనకు బలం లేదని అనను. తరతరాలుగా తోలు పనికి కట్టుబడి, అందుకే అంటరానివారన్న ముద్ర మోసిన కుటుంబాలకు ఆ పరిశ్రమలో నిలకడైన జీతం ఎందుకు రాకూడదన్నది న్యాయమైన ప్రశ్న. చుక్క నీరు కూడా బయటికి వదలని శుద్ధి కేంద్రాలు వచ్చాయి కదా అన్నది రెండో ప్రశ్న. రెండో దానికి జవాబు సులభం. అక్కడ నీరు ఆవిరయ్యాక మిగిలేది రకరకాల లవణాలు కలిసిన ఉప్పు. అది వంటకు పనికిరాదు, ఎవరూ కొనరు. తమిళనాడు ట్యానరీ కేంద్రాల్లో దాన్ని సంచుల్లో నింపి షెడ్లలో దాచడమే ఒక సమస్యగా మారింది. రెండు మూడు అడుగులు తవ్వితే నీళ్లు పడే నేలలో, తుపాను దారిలో ఆ షెడ్డు ఎక్కడ కడతారు? 2015 జనవరిలో రాణిపేటలో శుద్ధి కేంద్రం బురద ట్యాంకు కూలి పదిమంది కార్మికులు నిద్రలోనే చనిపోయారని మరవకూడదు.

ఉపాధి ప్రశ్నకు నా జవాబు కొంచెం పొడవు. టన్ను పచ్చితోలు నుంచి చివరికి వచ్చే తోలు పావు టన్నే. మిగతాదంతా కొవ్వు, వెంట్రుక, చెక్కుడు, వ్యర్థం. ఆ వ్యర్థాన్ని ఎత్తే పనులే తడి దశలో ఉండేవి, అవి తక్కువమందికి అందే, ఎక్కువ ప్రమాదమున్న పనులు. తోలు వెంట్రుకలు ఊడగొట్టే సల్ఫైడ్ గుంతలోకి దిగిన మనిషి విషవాయువుతో ప్రాణం పోగొట్టుకోవడం మన దేశంలో వింత వార్త కాదు. చెప్పు, సంచి, బెల్టు కుట్టే చోట వందల చేతులకు పని దొరుకుతుంది, అదీ శుభ్రమైన పని. ఆ దశను డెల్టాకు తెండి, శిక్షణ, పెట్టుబడి, యాజమాన్యం ఆ కుటుంబాలకే ఇవ్వండి. విద్యుదాఘాతంతో చనిపోయిన ఆవు చర్మం ఒలుస్తున్నారని 2016 ఆగస్టులో అమలాపురంలో దళితులను చెట్టుకు కట్టి కొట్టిన నేల ఇది. చట్టబద్ధమైన పని చేసుకుంటున్నవారికి రక్షణ ఇవ్వలేని వ్యవస్థ, వారి పేరు చెప్పి వారి పేటల పక్కనే ఉప్పు గుంతలు తవ్వుతానంటే ఒప్పుకోనక్కరలేదు. అలాంటి యూనిట్లకు స్థలం చూపించేది ఎప్పుడూ పేట పక్కనే, మురుగు పక్కనే.

మన ఉప్పును పాలార్ రైతు నెత్తిన వేసి చేతులు దులుపుకుందామా అని అడిగేవారుంటారు. అడగాలి కూడా. ఆ ఉప్పు పడేది ట్యానరీలో కాదు, ఇక్కడి గోడౌన్‌లో. అక్కడే ఆపగలిగితే దూరపు నదికీ మేలు జరుగుతుంది. అందుకు కావలసిన వసతి మన దగ్గరే ఉంది. రొయ్యల వ్యాపారం పుణ్యాన భీమవరం నుంచి కాకినాడ దాకా ఐస్ ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగులు, రాత్రికి రాత్రి సరుకును చెన్నై చేర్చే శీతల లారీలు వరుసగా ఉన్నాయి. ఒలిచిన వెంటనే నాలుగు డిగ్రీల లోపుకు చల్లబరచిన తోలు ఉప్పు లేకుండానే కొన్ని రోజులు చెడకుండా ఉంటుంది. ఆస్ట్రేలియా, ఐరోపా దేశాల్లో ఈ పద్ధతి వాడుకలో ఉంది. కబేళా దగ్గర ఐసు తూకం వేసి ఇచ్చే ఏర్పాటు, ఉప్పు లేని తోలుకు కిలోకు కొంత అదనపు ధర, ఈ రెండూ ఉంటే చాలు. లెదర్ పార్కుకు కేటాయించే సొమ్ములో చిన్న భాగంతో మొదలయ్యే పని అది. పాత బెరడు పద్ధతికి తిరిగిపోదామనే మిత్రులకు ఒక మాట: తంగేడు చెక్క, కరక్కాయలతో చేసే పదును అందమైన విద్యే, కానీ అదీ సున్నంతోనే మొదలవుతుంది, దాని ముదురు గోధుమ రంగు నీళ్లకూ మన డ్రెయిన్లలో చోటు లేదు.

ఇంతకీ ప్రభుత్వం ఏదైనా ట్యానరీ ప్రతిపాదనతో ప్రజాభిప్రాయ సేకరణకు వస్తే, కాగితాల్లో చూపే నీటి పరీక్ష ఎప్పుడు చేసిందో ముందు అడగాలి. ఆగస్టులో, వరద నీరు నిండుగా పారేటప్పుడు ఏ డ్రెయిన్ నీరైనా పరీక్షలో నెగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసి, పైనుంచి మంచినీటి చుక్క దిగని రోజుల్లో, పోటు మీద ఒకసారి, ఆటు మీద ఒకసారి నమూనా తీయాలి. ట్యానరీ బయటికి వదిలే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ఉన్న నిబంధన. ఆ రోజుల్లో ట్యానరీ లేకుండానే డ్రెయిన్‌లో ఎంత ఉందో ఆ సభలో, ఆ ఊరి రైతుల ముందు, చదివి వినిపించాలి.