అమ్మ పేరు ఎక్కడ పెడదాం?

పోయిన ఏడాది అమ్మ పోయింది. సంచయనం నాటికి తమ్ముడు అమెరికా నుంచి రాలేకపోయాడు. అస్థికలు ఏరి, పాలు చల్లి, చిన్న మట్టి ముంతలో వేసి, మూతికి తెల్లగుడ్డ కట్టాం. ముంతను ఇంటికి తేకూడదంటారు కాబట్టి శ్మశానం ఆఫీసు గదిలోని అరలో పెట్టి వచ్చాం. అక్కడ అప్పటికే ఆరేడు ముంతలున్నాయి. ఒక్కోదానికి మార్కర్ పెన్నుతో పేరు, తేదీ రాసిన అట్టముక్క వేలాడుతోంది. అమ్మ పేరులో ఒక వత్తు తప్పు పడింది. నాలుగు రోజుల్లో నీళ్ళలో కలిసిపోయే ముంతే అయినా నేను పట్టుబట్టి దిద్దించాను.

ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, అంతా కలిపేయొద్దు. కొంచెం నాకు ఉంచు. ఇక్కడ ఒక అర్న్ కొని పెట్టుకుంటా."

వాడి కోరికలో తప్పేమీ కనబడలేదు. అమెరికాలో ఇప్పుడు సగానికి పైగా దహనాలే. బూడిదను అర్న్ అనే కలశంలో పోసి ఇంట్లో పెట్టుకోవడం అక్కడ మామూలు. ఎముకలను కూడా పొడి చేసి మొత్తం ఇచ్చేస్తారు, పెద్ద మనిషిదైతే రెండు మూడు కిలోలు ఉంటుంది. అందుకే అక్కడి కలశం సుమారు మూడు లీటర్లు పట్టేలా చేస్తారు. మన ముంతలో పట్టేది గుప్పెడు. వాడు పంపిన ఫొటోల్లోని ఇత్తడి కలశాలు చూసి నవ్వొచ్చింది. అక్కడ అమ్మే ఇత్తడివి చాలావరకు మన మొరాదాబాద్‌లో తయారై ఓడెక్కినవే.

విమానంలో తీసుకుపోవడానికి మాత్రం లోహపు కలశం పనికిరాదు. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో ఎక్స్‌రేకి లోపల ఏముందో కనబడాలి. కనబడకపోతే మూత తీసి చూడరు, లోపలికి పంపరు. చెక్కదో ప్లాస్టిక్‌దో అయితే గొడవ లేదు. మరణ, దహన ధ్రువపత్రాలు చేతి సంచిలో ఉండాలి. అక్కడ పోయినవాళ్ళ అస్థికలు ఇక్కడికి తేవాలంటే భారత కాన్సులేట్ నుంచి కాగితం తీసుకుంటారు.

ఇదంతా తెలుసుకున్నాక కూడా నాకొక సందేహం మిగిలింది. మన దగ్గర అస్థికల ముంత దాచుకునే వస్తువు కాదు, ప్రయాణపు వస్తువు. శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖికో, రామేశ్వరానికో, కాశీకో పోవాలి. స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనబడుతుంది, అది వేరే బాధ. జ్ఞాపకాన్ని మనవాళ్ళు వేరేచోట పెట్టారు. దివసం నాడు పెట్టే పిండంలో, సంక్రాంతికి పెద్దల పేరిట దేవుడి ముందు పెట్టే కొత్త బట్టల్లో. ఆ చీర తరువాత ఎవరో ఒకరు కట్టుకుంటారు.

అలాగని మనకు రాళ్ళు కొత్తేమీ కాదు. పలమనేరు వైపు బాపనత్తంలో పెద్ద పెద్ద బండలు నిలబెట్టి కట్టిన ఆదిమ సమాధులున్నాయి. ఊళ్ళో జనం పాండవ గుళ్ళంటారు. ఎవరి కోసం కట్టారో ఆ పేర్లు ఏనాడో పోయాయి. చిత్తూరు జిల్లా పల్లెల్లో వీరగల్లులకైతే లెక్కే లేదు. నోలంబ, బాణ రాజులు కొట్టుకున్న కాలంలో ఆవుల మందను కాపాడబోయి చచ్చినవాడికి, ఊరి కోసం నిలబడినవాడికి ఒక రాయి. ఒంట్లో బాణాలు, చేతిలో కత్తి, పైన అతన్ని స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు. ఇప్పుడు కొన్ని పొలం గట్ల మీద ఒరిగి ఉన్నాయి, కొన్నింటికి పసుపు పూసి మొక్కుతున్నారు. మొక్కేవాళ్ళకు ఆ మనిషి పేరు తెలియదు.

ఈ రోజుల్లో రాయి కంటే భూమితోనే చిక్కు. సొంత పొలంలో సమాధి కట్టుకోవడం మా వైపు పాత అలవాటు. కానీ తిరుపతి చుట్టూ, చంద్రగిరి, రేణిగుంట, తిరుచానూరు వైపు పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయి. మా బంధువుల్లో ఒకాయన ఎకరా అమ్మబోతే మధ్యలో తాత సమాధి అడ్డమొచ్చింది. కొనేవాడు రేటు తగ్గించమన్నాడు. అన్నదమ్ముల్లో ఒకరు సరేనన్నారు, ఒకరు సమాధి చుట్టూ రెండు సెంట్లు వదిలేద్దామన్నారు. ఆ రెండు సెంట్లకు దారి ఎవరిస్తారని మరో పంచాయితీ. చివరికి లేఅవుట్‌లో రెండు కాంపౌండ్ గోడల మధ్య సందులో ఉండిపోయింది. దీపం పెట్టాలంటే పక్కింటివాళ్ళను గేటు తీయమని అడగాలి. కట్టేటప్పుడు సిమెంటు, గ్రానైటు లెక్కలు వేశారే గానీ, మనవళ్ళ కాలానికి ఆ సర్వే నంబరు ఎవరి పేరున ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు.

విగ్రహాల సంగతి ఎక్కువ చెప్పను. రోడ్ల మీద పెట్టడానికి అనుమతులివ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కూడళ్ళు చూస్తే ఎంత విన్నారో తెలుస్తుంది.

మధ్యతరగతి వాళ్ళం ఎక్కువగా చేసేది గుడికి ఫ్యాను ఇవ్వడం. రెక్క మీద ఎర్ర రంగుతో 'కీ.శే.' అని పేరు. నాన్న పేరిట మేమూ ఒక గుడికి ఇచ్చాం. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు, పేరు కనబడిందంటే కరెంటు లేదనో, ఫ్యాను చెడిందనో అర్థం. మాది రెండేళ్ళుగా బాగా కనబడుతోంది. బాగు చేయిస్తామని అడిగితే కొత్తది ఇవ్వమన్నారు.

తిరుమలలో అన్నప్రసాదానికి ఒక రోజు పూర్తి విరాళం 44 లక్షలు, అది మా బోటివాళ్ళ మాట కాదు. కానీ ఆ అన్నప్రసాద భవనానికి పేరున్న భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ గురించి ఆలోచిస్తే నాకు దారి దొరికినట్టనిపిస్తుంది. ఆమె 1817లో కన్నుమూసింది. తిరుమలలో ఆమె బృందావనం, అంటే సమాధి, ఉంది. దర్శనానికి పోయేవాళ్ళలో ఎంతమంది అటు తిరుగుతారు? ఏకాంత సేవలో ఆమె ముత్యాల హారతి మాత్రం ఇప్పటికీ రోజూ జరుగుతుంది. 'తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి' అని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. రాయిని ఒకసారి నిలబెడితే సరిపోతుంది, హారతి రోజూ ఎవరో ఒకరు పట్టాలి. రెండు వందల ఏళ్ళుగా ఎవరో ఒకరు పడుతున్నారు.

అందుకే తమ్ముణ్ణి నేను ఇత్తడా, చెక్కా అని అడగలేదు. "నీ తరువాత దాన్ని ఎవరు తుడుస్తారు రా?" అన్నాను. వాడి కూతురికి తెలుగు అంతంత మాత్రం. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

పదో రోజుకు వచ్చాడు. ఇద్దరం శ్రీకాళహస్తి పోయి ముంత కలిపి వచ్చాం. తిరిగి వెళ్ళేరోజు వంటింట్లో అమ్మ కాఫీ తాగే స్టీలు గ్లాసు అడిగి తీసుకుని, చొక్కాల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నాడు. దాని అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు అమ్మది కాదు. పెళ్ళిలో సామాను పెట్టిన మా అమ్మమ్మది.