తీర్పు చెప్పేవాడే అనువాదకుడైతే?

స్వీడిష్ రచయిత, చైనీస్ సాహిత్య అనువాదకుడు యోరాన్ మల్మ్‌క్విస్ట్ (1924–2019) తొంభై అయిదేళ్లు బతికారు. సాహిత్య నోబెల్ ఇచ్చే స్వీడిష్ అకాడమీలో 1985 నుంచి సభ్యుడు. ఆయన గురించి రిటైరైన తెలుగు లెక్చరర్ బాబాయికీ, లాయరు సుజాతకీ నడిచిన వాదన ఇది.

సుజాత: జడ్జి తన సొంత మనిషి కేసు తనే వినొచ్చా బాబాయ్? 2000లో చైనీస్‌లో రాసే గావొ షింగ్‌జియన్‌కి నోబెల్ వచ్చింది. ఆయన్ని స్వీడిష్‌లోకి తెచ్చింది మల్మ్‌క్విస్ట్. ప్రైజు ఇచ్చినవాళ్లలోనూ మల్మ్‌క్విస్ట్ ఉన్నారు.

బాబాయి: ఉంటే ఏమైంది? అకాడమీలో చైనీస్ చదవగలిగింది ఆయనొక్కరే. ఆయన్ని బయట కూచోబెడితే లోపల మిగిలేది ఆ భాషలో ఒక్క ముక్క రానివాళ్లే.

సుజాత: బయటి నిపుణుల చేత రిపోర్టు రాయించుకోవచ్చుగా.

బాబాయి: నిపుణుడు ఊరికే తయారవుతాడా అమ్మా? స్వీడన్‌లో చైనీస్ భాషా పండితుడు కార్ల్‌గ్రెన్ దగ్గర పాత చైనీస్ నేర్చుకుని, 1948లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, చైనాలోని సిచువాన్ మాండలికాలు సేకరించడానికి వెళ్లాడా కుర్రాడు. ఎమై కొండ దగ్గర బౌద్ధాలయంలో నెలల తరబడి ఉండి, అక్కడి పెద్ద సన్యాసి దగ్గర పాత గ్రంథాలు చదువుకున్నాడు. చైనా అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. తర్వాత రెండు చైనీస్ మహా నవలల్ని స్వీడిష్‌లోకి దింపాడు. అందులో 'శీ యౌ జీ' మన దేశానికొచ్చిన హ్యూయన్‌త్సాంగ్ యాత్ర మీద అల్లిన కథే. ఇక గావొ సంగతి. ఆయన పెద్ద నవల 1990లో తైవాన్‌లో వచ్చింది. 1992కల్లా స్వీడిష్‌లో ఉంది. నోబెల్‌కి ఎనిమిదేళ్ల ముందు! అప్పుడు గావొని పట్టించుకున్నవాళ్లెంతమంది? ముందు చదివినవాడు, ముందు ఇష్టపడినవాడు, ముందు అనువదించినవాడు ఒక్కడే అయితే అది నేరమా?

సుజాత: ఎనిమిదేళ్ల ముందు సరే. ప్రకటనకు కాస్త ముందు గావొ పుస్తకాలు ఫోరం నుంచి అట్లాంటిస్ అనే ప్రచురణ సంస్థకి మారాయి. ఆ మార్పు వెనక ఆయన ఉన్నారని స్వీడన్ పత్రికల్లోనే గొడవైంది. ప్రైజు ఎవరికో తెలిసిన మనిషి ఆ పని చెయ్యొచ్చా?

బాబాయి: చెయ్యకూడదు. అక్కడ ఆయన్ని నేను వెనకేసుకురాను. కానీ పబ్లిషర్ మారితే నవల విలువ మారదుగా.

సుజాత: నమ్మకం మారుతుంది. 1974లో ఇదే అకాడమీ సొంత సభ్యులిద్దరికి, యూన్సన్‌కీ మార్టిన్‌సన్‌కీ, ప్రైజు ఇచ్చుకుంది. అలాంటి చోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

బాబాయి: మనమా మాట అనేది? మనకి చైనీస్ సాహిత్యం వచ్చిందే చాలావరకు ఇంగ్లీషు మీదుగా.

సుజాత: వస్తే తప్పేంటి? చైనీస్ కథకుడు లు షున్‌ని నేను అలాగే చదివాను. కథ తగలలేదా నాకు?

బాబాయి: తగిలింది. అయినా చైనీస్ నుంచి నేరుగా తెలుగు చెయ్యగలిగినవాడు ఒక్కడు దొరికాడనుకో, వాణ్ణి అవార్డు కమిటీలోంచి తీసేస్తావా?

సుజాత: కమిటీలో ఉంచండి. రాయల్టీ మాత్రం వదులుకోమనండి. ఇదేమన్నా గొంతెమ్మ కోరికా?

బాబాయి: కాదు, న్యాయమే. కానీ ఆయన డబ్బు కోసమే తిరిగాడంటే ఒప్పుకోను. చైనీస్ రచయిత షెన్ త్సుంగ్‌వెన్ 1988 మేలో పోయారు. పోయినవాళ్లకి నోబెల్ ఇవ్వరు. బతికుంటే ఆ ఏడు ఆయనకే వచ్చేదని మల్మ్‌క్విస్ట్ తర్వాత చెప్పారు. చావు కబురు నిజమో కాదో కనుక్కుందామని స్టాక్‌హోంలో చైనా ఎంబసీకి ఫోన్ చేస్తే, ఆ పేరే వినలేదన్నారట. సొంత దేశపు ఆఫీసుకే తెలియని రచయిత కోసం అక్కడ కూచుని కొట్లాడిందెవరు?

సుజాత: ఆయనే, కాదనను. కానీ నోబెల్ చర్చలు 50 ఏళ్లు రహస్యంగా ఉంచాలి. అదీ బయటపెట్టేశారు చూడండి.

బాబాయి: షెన్ పేరు నాలుగు చోట్ల వినపడ్డానికి ఆ రూలు దాటి ఉంటే, ఆ ఒక్క విషయంలో నేను ఆయన పక్షమే.