నిండుకుండ గారికో జాబు

మహారాజశ్రీ 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 గారి దివ్యసముఖమునకు,

బెంగళూరు, మారతహళ్ళి నుంచి ఒక ప్రోగ్రామరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. కుశలమంటే, తమరి గడప దాటనంతవరకే లెండి.

తమ వంశం గొప్పదే. 31 రెండుల్ని గుణించి ఒకటి తీసేస్తే తమరు. ఆ 31 కూడా తమ గోత్రమే: ఐదు రెండుల్ని గుణించి ఒకటి తీసేసిన సరుకు. 1772లో, చూపు దాదాపు పోయిన గణితజ్ఞుడు ఆయిలర్, తోటి గణితజ్ఞుడు బెర్నౌలీకి జాబు రాస్తూ తమరు ప్రధాన సంఖ్యేనని తేల్చాడు. తమర్ని భాగించే ప్రధాన సంఖ్యంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలి. పైగా 46,340 దాటి వెతకక్కర్లేదు. వెతికితే ఒక్కటీ దొరకలేదు. మా ఊళ్ళో రెండెకరాలకే అన్నదమ్ములు తెల్లారేసరికి గట్టు వేసేస్తారు. తమర్ని పంచడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.

1811లో బార్లో అనే ఆయన, తమ వల్ల పుట్టిన పరిపూర్ణ సంఖ్యను (తనను భాగించే చిన్న సంఖ్యలన్నీ కలిపితే తానే అయ్యే సంఖ్యను) మించింది ఇక దొరకదని రాసేశాడు. పనికిరాని వాటికోసం ఎవరు వెతుకుతారని ఆయన లెక్క. పాపం!

అంతటి తమర్ని మేమేం చేశాం? కంప్యూటర్లో 32 బిట్ల, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గళ్ళ డబ్బాకి మూత చేశాం. ప్లస్సా మైనస్సా చెప్పడానికి ఒక బిట్టు పోగా, మిగిలిన 31లో పట్టే అతి పెద్ద సంఖ్య తమరు. నిండుకుండ తొణకదంటారు. నిజమే, తమరు తొణకరు. ఇంకొక్కటి వేస్తే ఏకంగా బోర్లా పడి మైనస్ 214 కోట్ల చిల్లర అవుతారు. 2014లో ఒక కొరియా పాట వ్యూలు తమ దాకా వచ్చేసరికి యూట్యూబ్ వాళ్ళు ముందే కౌంటర్ పెద్దది చేసుకున్నారు.

నాకంత ముందుచూపేదీ? మా అనంతపురం బాబాయి సర్జాపూర్ రోడ్డులో ఫ్లాటు కొంటానంటే లోను లెక్కలకి యాప్ రాసిచ్చాను. పైసా కూడా తేడా రాకూడదని అన్నీ పైసల్లోనే పెట్టాను, అదొక తెలివి. ఆయన 2 కోట్ల 20 లక్షలు కొట్టారు, అంటే 220 కోట్ల పైసలు. యాప్ మైనస్ 2,09,49,672 రూపాయల 96 పైసలంది.

"రేయ్, అంటే బ్యాంకోడే మనకీయాల్నా?" అన్నారు బాబాయి, కళ్ళజోడు సర్దుకుని.

నా కోడు ఎవరి మొహంలోనైనా అంత వెలుగు తేవడం అదే మొదలు, అదే చివర. "ఆ సంఖ్యంతే బాబాయ్" అని నేరం తమమీదికి నెట్టేశాను. క్షమించాలి.

పైసలకైతే 64 బిట్లు ఇచ్చేశాను. తేదీలు మాత్రం ఇంకా తమ ఏలుబడిలోనే ఉన్నాయి. కంప్యూటరు లెక్కన 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కేసుకుంటూ పోతే, తమరు తగిలేది 2038 జనవరి 19, మంగళవారం పొద్దున మన టైములో 8:44:07కి. మరుసెకనుకి తమరు బోర్లా పడి 1901 డిసెంబరు 14, తెల్లవారుజాము 2:15:52.

బాబాయి కిస్తీలు 2044 దాకా ఉన్నాయి. చివరి ఆరేళ్ళవీ ఆయన పుట్టకముందే కట్టేసినట్టు చూపిస్తుంది యాప్. ఇంకా చెప్పలేదు. మళ్ళీ సంతోషిస్తారేమోనని భయం.

ఇట్లు,
తమ మూత కింద బతుకుతున్న
విధేయుడు